మోంటే అల్బాన్ రాళ్లు: 300 దేహాలు, 40 ఊళ్లు

మెక్సికో దక్షిణాన వహాకా లోయ నడుమ ఒక కొండ ఉంది. కింది నేల నుంచి దాని ఎత్తు సుమారు 400 మీటర్లు. క్రీ.పూ. 500 ప్రాంతంలో జపోటెక్ ప్రజలు ఆ కొండ పైభాగాన్ని చదును చేసి మోంటే అల్బాన్ నగరాన్ని కట్టుకున్నారు. అక్కడ ఇప్పటిదాకా 300కు పైగా శిల్పాలు చెక్కిన రాతి పలకలు దొరికాయి. ఒక్కో పలక మీద ఒక్కో మగమనిషి. ఒంటి మీద నూలుపోగు లేదు. కళ్లు మూసుకుపోయి, నోరు తెరుచుకుని, కాళ్లూ చేతులూ ఎటుపడితే అటు వేలాడుతుంటాయి. తొలినాళ్లలో చూసినవాళ్లు అవి నాట్య భంగిమలు అనుకున్నారు. అందుకే ఇప్పటికీ ఆ పలకలను ‘నర్తకులు’ అనే పిలుస్తున్నారు.

పలకకు దగ్గరగా వెళ్తే నాట్యం ఊసే కనిపించదు. చాలామందికి తొడల మధ్య పూలతీగలాంటి మెలికలు చెక్కి ఉన్నాయి. అది కోసిన చోట కారిన నెత్తురని ఎక్కువమంది పరిశోధకులు అంటారు. కొందరికి చెవి పోగులున్నాయి, కొందరి తల దగ్గర నాలుగైదు చిహ్నాలున్నాయి. బట్టలు లాగేసినా పోగులు మాత్రం ఉంచారంటే, చచ్చినవాడు సామాన్యుడు కాడని చూసేవాళ్లకు తెలియాలనే. నగరం పుట్టిన తొలి రెండు మూడు వందల ఏళ్లలో అక్కడి జనాభా సుమారు 5 వేలని అంచనా. ఆ లెక్కన ప్రతి 16 మంది పౌరులకు ఒక శవం బొమ్మ! అదే కాలంలో మధ్య అమెరికాలో ఇన్ని చెక్కడాలు ఒక్కచోట పెట్టిన నగరం మరొకటి చెప్పడం కష్టం.

ఈ అలవాటుకు మూలం కొండ కింద ఉంది. మోంటే అల్బాన్‌కు ఉత్తరాన సుమారు 15 కిలోమీటర్ల దూరంలో సాన్ హోసే మొగోటే అనే పాత ఊరిలో పురావస్తు శాస్త్రవేత్తలు కెంట్ ఫ్లానరీ, జాయిస్ మార్కస్ తవ్వకాలు జరిపారు. అక్కడ రెండు కట్టడాల మధ్య దారిలో నేల మీద పరిచిన పలక ఒకటి బయటపడింది. దాని మీద కూడా వెల్లకిలా పడిన నగ్న దేహమే. ఛాతీ నుంచి మెలికలు తిరిగిన నెత్తురు పలక అంచు దాకా పారుతుంది. ఆ దారిన వెళ్లే ప్రతివాడూ అతన్ని తొక్కుకుంటూ పోవాల్సిందే. కాళ్ల నడుమ ఒక చుక్క, ఒక గుర్తు ఉన్నాయి. చుక్క అంటే 1, గుర్తు అంటే భూకంపం. ‘1 భూకంపం’ అతను పుట్టిన రోజు పేరు, అదే అతని పేరు. కాలనిర్ణయం మీద వాదాలున్నాయి గానీ, తవ్వినవాళ్ల లెక్క ప్రకారం ఇది క్రీ.పూ. 600-500 మధ్యది. మధ్య అమెరికాలో రాతకు దొరికిన అతి పాత ఆధారాల్లో ఒకటి ఇలా ఒక శవం కాళ్ల మధ్య ఉంది.

ఇలాంటి రోజు పేర్ల వెనక లెక్క చాలా పకడ్బందీగా ఉంటుంది. 1 నుంచి 13 దాకా అంకెలు, 20 రోజు గుర్తులు కలిపితే 260 రోజుల పంచాంగం. చుక్కకు విలువ 1, అడ్డగీతకు 5. దీని పక్కనే 365 రోజుల సంవత్సరం నడుస్తుంది. ఈ రెండూ మళ్లీ ఒకే చోట కలవడానికి 18,980 రోజులు, అంటే 52 ఏళ్లు పడుతుంది. మన ప్రభవాది 60 సంవత్సరాల చక్రంతో వచ్చే చిక్కే ఇక్కడా వస్తుంది. పాత తాళపత్రంలో శక సంవత్సరం లేకుండా ‘పార్థివ’ అని మాత్రమే ఉంటే అది ఏ పార్థివమో తేలనట్టే, జపోటెక్ తేదీ ఏ 52 ఏళ్లలోదో రాయి చెప్పదు. మట్టిపొరలు, కుండపెంకులే చెప్పాలి.

కాలం గడిచింది. క్రీ.పూ. 100 నాటికి జనాభా దాదాపు 17 వేలకు చేరింది. కొండ మీది పెద్ద మైదానంలో బాణం మొన ఆకారంలో ఒక కట్టడం లేచింది. మిగతా భవనాల వరసకు అది కలవకుండా పక్కకు తిరిగి ఉంటుంది. పురావస్తు శాస్త్రవేత్తలు దానికి ‘జె’ అని పేరు పెట్టారు. దాని గోడల్లో 40కి పైగా పలకలున్నాయి. ఇప్పుడు రాతి మీద మనిషి ఒళ్లు లేదు. ఒక కొండ గుర్తు, దాని పైన ఊరి పేరు, చాలావాటిలో కింద తలకిందులుగా ఒక తల కనిపిస్తాయి. అవి జయించిన ఊళ్ల జాబితా అని మొదట చెప్పింది పురావస్తు శాస్త్రవేత్త అల్ఫోన్సో కాసో. తర్వాత మార్కస్ వాటిలో కొన్ని ఊళ్లను గుర్తించారు. అందులో ఉత్తరాన ఉన్న క్వికాట్లాన్ ఒకటి.

క్వికాట్లాన్ విషయంలో రాతికి తోడు నేల కూడా సాక్ష్యం ఇచ్చింది. క్వికాట్లాన్ లోయలోని లా కొయోటేరా గుట్ట మీద ఛార్లెస్ స్పెన్సర్, ఎల్సా రెడ్మండ్ జరిపిన తవ్వకాల్లో 61 మనిషి పుర్రెలు వరసగా బయటపడ్డాయి. పుర్రెలు గుచ్చి నిలబెట్టిన కర్రల చట్రం ఆనవాళ్లవి. బెదిరింపు కోసం రాజులు ఉన్నదాన్ని గోరంతలు కొండంతలు చేసి చెక్కించి ఉండొచ్చన్న అనుమానానికి ఇక్కడ పెద్దగా తావు లేదు.

ఈ రెండు రకాల పలకల మీద ఏకాభిప్రాయం లేదు. ‘నర్తకులు’ బందీలు కారు, తమ నెత్తురు తామే సమర్పించిన యోధులని పరిశోధకుడు హవియర్ ఉర్సీద్ వాదన. ‘జె’ పలకలు అన్నీ జయించిన ఊళ్లేనా అన్నదీ తేలలేదు. నా మట్టుకు నాకు సాన్ హోసే మొగోటే పలక, ఆ 61 పుర్రెలు కలిసి బందీల వాదాన్నే బలపరుస్తున్నట్టు అనిపిస్తుంది. అది నిజమైతే మార్పు స్పష్టం. మొదట ఫలానా మనిషిని చంపామని చెప్పుకున్న రాజ్యం, తర్వాత ఫలానా ఊరు మాదని చెప్పుకోవడం నేర్చింది. పేరు పెట్టి ఊళ్లను లెక్కించే దశకు వచ్చాక అది నగరం హద్దు దాటిన ప్రభుత్వం.

క్రీ.శ. 800 తర్వాత ఈ కొండ చాలావరకు ఖాళీ అయింది. 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. జపోటెక్ భాషలు మాట్లాడేవాళ్లు మెక్సికోలో ఇప్పటికీ 4 లక్షలకు పైనే ఉన్నారు. వాళ్ల పూర్వీకుల రాతను మాత్రం పూర్తిగా చదవగలిగినవాళ్లు లేరు. చుక్కలు, గీతలు, కొన్ని రోజుల పేర్లు, కొన్ని ఊళ్లు, అంతే.

అక్కడికి వెళ్లే అవకాశం వస్తే మైదానంలోకి దిగేముందు మ్యూజియం చూడండి. ఎండావానల నుంచి కాపాడేందుకు అసలు పలకల్లో చాలావాటిని లోపలికి చేర్చి, బయట నకళ్లు పెట్టారు. ప్రతి మనిషి తల పక్కన చిహ్నాలు ఉన్నాయో లేవో చూడండి. 300 మందిలో పేరు దక్కినవాళ్లు కొందరే.