గానశాలకు యజమాని ఎవరు?

ఏడాది కౌలునకు భూమి పుచ్చుకొన్న రైతు అందు బావి త్రవ్వడు, మామిడి మొక్క నాటడు. నాటినచో ఫలము మరియొకని పాలగును. ఈ సంగతి మన భూస్వాములకు తెలియనిది కాదు. పట్టణములందలి చిన్న గానశాలల స్థితియు నిట్టిదే. బ్రిటనునందు ఇట్టి శాలలలో నూటికి 93 అద్దె కట్టడములలో నున్నవనియు, సగటున 18 నెలల గడువు మాత్రమే మిగిలియున్నదనియు, వాని రక్షణకై 2014లో నేర్పడిన మ్యూజిక్ వెన్యూ ట్రస్టు 2022లో ప్రకటించెను. 2023లో 125 శాలలలో గానము నిలిచిపోయెను. పాటవలన వీధికి పేరు వచ్చును. పేరు రాగానే అద్దె పెరుగును. అద్దె పెరుగగానే పాట వీధిని విడిచిపోవును!

వేల్సుదేశమందలి న్యూపోర్టు నగరమున కీ నష్టము అనుభవములోనిదే. 1990 తరువాతి సంవత్సరములలో ఆ నగరమును సంగీతవిషయమున అమెరికాలోని సియాటిలుతో పోల్చుచుండిరి. ఆ కీర్తికి నిలయము టీజేస్ అను గానశాల. అది ఒక్క యజమాని ఉత్సాహముమీద నిలిచినది. 2010లో ఆయన గతింపగా శాలయు మూతపడెను. దాత మహనీయుడే కావచ్చును. కాని దాతతోనే ధర్మము ముగిసినచో ప్రజలకు మిగులున దేమి?

ఆ నగరముననే లే పబ్ అను మరియొక చిన్న శాల వేరు మార్గము త్రొక్కినది. 2017లో హైస్ట్రీటునకు మారి, ప్రజాహిత సహకార సంఘముగా నడువసాగెను. ఇట్టి సంఘమున ఎన్ని వాటాలు కొన్నను మనిషికి ఒక్కటే ఓటు. లాభము ప్రజాహితమునకే వినియోగింపవలెను. ఆస్తిని సభ్యులు పంచుకొనరాదు. ఈ నియమము ఆ నగరమునకు తగియున్నది. 1839 నవంబరు 4న ఆస్తితో నిమిత్తము లేక ప్రతి పురుషునకును ఓటు కావలెనని కోరిన చార్టిస్టులు వేలకొలది అచ్చటి వెస్టుగేటు హోటలు నెదుట గుమిగూడిరి. సైనికుల కాల్పులలో సుమారు 22 మంది ప్రాణములు విడిచిరి. నాడు రాజ్యమున కోరిన సమత్వము నేడు ఒక గానశాలలో చెల్లుచున్నది.

సంఘ మేర్పడినను కట్టడము పరులదైనచో కౌలుదారు చింత తీరదు. అందుకై ట్రస్టువారు మ్యూజిక్ వెన్యూ ప్రాపర్టీస్ అను సంఘమును స్థాపించి వాటాలు విక్రయింపగా, 1,200 మందికి పైగా ధనమిచ్చిరి. 2023 అక్టోబరులో ఆథర్టను పట్టణమందలి స్నగ్ అను శాలను మొదట కొనిరి. పిమ్మట లే పబ్ కట్టడమును కొనిరి. శాలను నడుపువారు వెనుకటి వారే. అందు గానము సాగునంతకాలము వారిని తొలగించువారు లేరు.

స్వామ్యము వచ్చినంతమాత్రమున లాభము రాదు. 2023లో బ్రిటను చిన్న శాలల సగటు లాభము నూటికి అర పౌను మాత్రమే. లాభాపేక్షతో ఈ వాటాలు కొన్నవాడు భ్రమపడినవాడే. కాని గ్రంథాలయమును లాభమునకై కట్టించువా డెవడు?

మన పట్టణములందు గానసభలకు చందాలిచ్చు రసికులు కలరు. ఉత్సవములకు పందిళ్లు వేయించు ఉదారులును కలరు. వారి ఔదార్యము శ్లాఘ్యము. అయినను పందిరి పది దినములకు విప్పబడును. పదిమంది పేర కొన్న నాలుగు గోడలు మనుమల కాలమునకును నిలుచును. చందా వ్రాయు చేయి ఒకసారి వాటాయు వ్రాయుగాక.