చదువుకున్న బిడ్డలు – కన్నవారి సేవ

మదనపల్లెలో బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాల 1915లో వెలిసింది. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో ఏర్పడింది. హార్స్లీ హిల్స్ పరిసరాల్లోని మన కుటుంబాలకు ఉన్నత విద్య నేడు అందని వస్తువు కాదు. అయితే చదువు ముగించిన బిడ్డల్లో అనేకులు బెంగళూరుకో, గల్ఫ్ దేశాలకో తరలిపోతున్నారు. ఇంట మిగిలేది వయసు మళ్ళిన అమ్మీ, అబ్బాలే. చదువుకున్నవాడు కన్నవారిని మరచిపోతాడన్న నింద ఇక్కడే పుడుతుంది.

ఆలోచిస్తే, చదువు మమకారాన్ని తగ్గించదు. సేవ అన్న మాటకు అర్థాన్ని మారుస్తుంది. అంతగా చదువుకోని కొడుక్కి సేవ అంటే ఒకే కప్పు కింద ఉండటం, చేత్తో అన్నం పెట్టడం. ఉద్యోగికి సేవ అంటే మంచి వైద్యం, నెలనెలా డబ్బు. మొదటివాడు మతిమరుపు వ్యాధిని ముసలితనపు చాదస్తమని కొట్టిపారేయవచ్చు; ఒంట్లో బాగుందనిపించగానే బీపీ మాత్రలు ఆపించవచ్చు. రెండోవాడికి వ్యాధి పేరు తెలుసు. కానీ అర్ధరాత్రి దాహమంటే నీళ్ళందించే చెయ్యి అతనిది కాదు.

దివ్య ఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరా 23వ ఆయత్‌లో, వృద్ధులైన తల్లిదండ్రుల ముందు విసుగుతో ‘ఉఫ్’ అనడాన్ని సైతం అల్లాహ్ వారించాడు. ఈ ఆజ్ఞ నుండి పండితుడికీ, పామరుడికీ మినహాయింపు లేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో అరవై ఏళ్ళు నిండిన వారిలో అక్షరాస్యులు సుమారు 44 శాతం. స్త్రీలలో 28 శాతమే. మందుచీటీ చదవలేని తల్లి దస్తావేజునూ చదవలేదు. తమను పోషించాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చినప్పుడు, ఆ షరతు తప్పితే బదిలీని రద్దు చేయించుకునే హక్కును 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కల్పించింది. ఆ షరతు కాగితంలో ఉందో లేదో వేలిముద్రకు ముందే చదివి వినిపించడం చదువుకున్న బిడ్డ ధర్మం.

కనుక సేవను పంచుకుందాం. దూరాన ఉన్నవారు వైద్యుడితో మాట్లాడి, మాత్రల వేళలను వారానికోసారి ఫోనులో సరిచూడాలి. సెలవుల్లో వచ్చి స్వయంగా సేవ చేయాలి. దగ్గరున్నవారు ఆ మాటను మన్నించాలి. భారమంతా కోడలిపై మోపరాదు. కన్నవారి సేవ ముందుగా కన్నబిడ్డల బాధ్యత.

మన విద్య మన పెద్దలకు నీడ కావాలని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్!