కీళ్లపైనే దృష్టి.. ఎముకపై అశ్రద్ధ
వాత రోగుల్లో చిన్నపాటి జారుడుకే విరుగుతున్న తుంటి, వెన్నుపూస * ముందే గుర్తిస్తే నివారణ సాధ్యం

చిక్కడపల్లి: కీళ్లవాతానికి ఏళ్ల తరబడి మందులు వాడేవారు నొప్పి తగ్గిందా, వాపు తీసిందా అన్నదే చూసుకుంటారు. ఆ కీలుకు ఆధారమైన ఎముక లోలోపల గుల్లబారుతున్న సంగతి మాత్రం అది విరిగిన నాడు గానీ తెలియదు. స్నానాల గదిలో కాలు జారడం, చివరి మెట్టు తప్పడం వంటి చిన్న ప్రమాదానికే తుంటి విరిగి, అప్పటివరకు తన పని తాను చేసుకున్న మనిషి మంచానికి పరిమితమవుతున్నారు. కీళ్ల జబ్బు ఉన్నవారికి ఎముక విరిగే ముప్పు మిగతావారికంటే ఎక్కువని వైద్యశాస్త్రం ఏనాడో తేల్చింది. అయినా ఎముకల పరీక్ష చేయించుకునేవారు తక్కువే.

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాల్లో ఈ విషయానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. ఇవి నగరంలో పాత బస్తీలు. విశ్రాంత ఉద్యోగులు, వయోవృద్ధులు ఎందరో ఇక్కడ స్థిరపడ్డారు. లిఫ్టు లేని పాతకాలపు అపార్టుమెంట్లు, ఎత్తు మెట్లు, ఎగుడుదిగుడు కాలిబాటలు నిత్యం ఎదురవుతాయి. ఉదయం వేంకటేశ్వరస్వామి ఆలయానికి, కూరగాయల మార్కెట్టుకు, సాయంత్రం త్యాగరాయ గానసభకు నడిచి వెళ్లే పెద్దలకు ఒక్క తప్పటడుగు చాలు.

ముప్పు ఎంత?

కీళ్ల జబ్బులన్నీ ఒకటి కావు. వయసుతోపాటు వచ్చే మోకాళ్ల అరుగుదల వేరు, శరీర రక్షణ వ్యవస్థే కీళ్లపై దాడి చేసే రుమటాయిడ్ ఆర్థరైటిస్ వేరు. వాడుకలో కీళ్లవాతంగా పిలిచే ఈ రెండో జబ్బు పురుషులకంటే స్త్రీలలో సుమారు మూడు రెట్లు ఎక్కువ. బ్రిటన్‌లో 30 వేల మందికి పైగా కీళ్లవాత రోగుల వివరాలను పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో వీరికి తుంటి విరిగే ముప్పు రెండింతలు, వెన్నుపూస విరిగే ముప్పు 2.4 రెట్లు ఉన్నట్లు వెల్లడైంది. షెఫీల్డ్ విశ్వవిద్యాలయం 2008లో అందుబాటులోకి తెచ్చిన 'ఫ్రాక్స్' అనే లెక్కింపు విధానం రాబోయే పదేళ్లలో ఎముక విరిగే అవకాశాన్ని అంచనా వేస్తుంది. వయసు, బరువు, గతంలో ఎముక విరిగిందా, తల్లిదండ్రుల్లో ఎవరికైనా తుంటి విరిగిందా, పొగతాగే అలవాటు ఉందా వంటి ప్రశ్నలతోపాటు 'కీళ్లవాతం ఉందా?', 'స్టెరాయిడ్ మందులు వాడుతున్నారా?' అనే రెండు ప్రశ్నలు అందులో విడివిడిగా ఉన్నాయి. అంటే జబ్బు ఒక ముప్పు, మందు మరొక ముప్పు.

మోకాళ్ల అరుగుదల ఉన్నవారు తమకేమీ కాదనుకోవడానికి వీల్లేదు. వీరిలో ఎముక సాంద్రత సాధారణంగానే కనిపించవచ్చు. కానీ నొప్పి వల్ల నడక తగ్గి, తొడ కండరాలు సన్నగిల్లి, మోకాలు పట్టు తప్పి పడిపోయే అవకాశం పెరుగుతుంది.

ఎముక ఎందుకు గుల్లబారుతుంది?

ఎముక రాయిలాంటిది కాదు. పాత ఎముకను కరిగించే కణాలు, కొత్త ఎముకను కట్టే కణాలు జీవితాంతం పనిచేస్తూనే ఉంటాయి. ఈ రెండింటి మధ్య సమతూకం ఉన్నంతకాలం ఎముక గట్టిగా ఉంటుంది. కీళ్లవాతంలో కీలు పొర నుంచి వెలువడే వాపు రసాయనాలు కరిగించే కణాలను రెచ్చగొడతాయి. ఫలితంగా కీలు పక్కనున్న ఎముక ముందుగా, ఆ తరువాత శరీరమంతటా ఎముకలు పలచబడతాయి. నొప్పి వల్ల కదలిక తగ్గడం, స్త్రీలలో నెలసరి ఆగిపోవడం దీనికి తోడవుతాయి. లూపస్ రోగులు ఎండ తగలకుండా జాగ్రత్తపడవలసి రావడంతో విటమిన్ డి కూడా తగ్గుతుంది.

అంతకంటే పెద్ద కారణం స్టెరాయిడ్ మాత్రలు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం కీళ్లవాత రోగికి మొదటిసారి కార్టిజోన్ ఇచ్చినప్పుడు, లేవలేని మనిషి రోజుల్లోనే లేచి నడవడం సంచలనమైంది. 1950లో దానికి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ మందు చేసే కీడు తరువాత బయటపడింది. స్టెరాయిడ్ మొదలుపెట్టిన తొలి మూడు నుంచి ఆరు నెలల్లోనే ఎముక నష్టం వేగంగా జరుగుతుంది. రోజుకు 2.5 మిల్లీగ్రాములు, అంతకు మించి ప్రెడ్నిసొలోన్‌ను మూడు నెలలకు పైగా వాడే పెద్దలందరికీ ఎముక విరిగే ముప్పును లెక్కకట్టాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి. చాలామంది 'చిన్న మాత్రే కదా' అని తేలిగ్గా తీసుకునే మోతాదు ఇది.

పాత చీటీ చూపించి నెలల తరబడి అవే మాత్రలు కొనుక్కోవడం, పేరు లేని పొట్లాల్లో అమ్మే 'వాతం పొడులు' వాడటం మరింత ప్రమాదకరం. ఇటువంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మే సంఘటనలు దేశంలో పలుచోట్ల బయటపడ్డాయి. మూడు రోజుల్లో నొప్పి మాయమై, ముఖం గుండ్రంగా ఉబ్బితే అనుమానించాల్సిందే. అయితే భయపడి మాత్రలు ఒక్కసారిగా మానేయరాదు. దీర్ఘకాలం స్టెరాయిడ్ వాడినవారి శరీరం సొంతంగా ఆ హార్మోనును తయారు చేసుకోవడం తగ్గిస్తుంది. హఠాత్తుగా ఆపితే ప్రాణాపాయం. డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా తగ్గించుకోవాలి.

తెలుగు శాస్త్రవేత్త ఇచ్చిన వరం

స్టెరాయిడ్‌పై ఆధారపడటాన్ని తగ్గించే ప్రధానమైన మందు మెథోట్రెక్సేట్. దీని వెనుక తెలుగువారి కృషి ఉంది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించిన కాలంలో ఫోలిక్ ఆమ్లానికి విరుగుడుగా తయారైన మందుల కోవలోనిదే ఇది. మొదట క్యాన్సర్ చికిత్సకు వాడిన ఈ మందును 1988లో అమెరికా కీళ్లవాతానికి అనుమతించింది. జబ్బును మొదటి నెలల్లోనే ఇటువంటి మందులతో అదుపులో పెడితే వాపు తగ్గి ఎముకకూ మేలు జరుగుతుంది. ఒక్క జాగ్రత్త తప్పనిసరి. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒకసారి మాత్రమే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. వేసుకోవాల్సిన వారం పేరు చీటీపై పెద్ద అక్షరాలతో రాయించుకోవడం మంచిది.

హైదరాబాద్ అధ్యయనం చెప్పిందేమిటి?

మనవారి ఎముకలు మొదటి నుంచే బలహీనమని నగరంలోనే జరిగిన పరిశోధన నిరూపించింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్త వీణా శత్రుఘ్న బృందం 30 నుంచి 60 ఏళ్ల వయసుగల 289 మంది అల్పాదాయ వర్గ స్త్రీలను పరీక్షించి, 2005లో ఫలితాలు ప్రకటించింది. వారికి ఆహారం ద్వారా రోజుకు అందుతున్న కాల్షియం సుమారు 270 మిల్లీగ్రాములే. అదే సంస్థ 2020లో పెద్దలకు సిఫారసు చేసిన మోతాదు 1,000 మిల్లీగ్రాములు. పరీక్షించినవారిలో సుమారు 29 శాతం మందికి తుంటి ఎముక మెడ భాగం గుల్లబారినట్లు తేలింది. తిరుపతిలోని స్విమ్స్ వైద్యులు 2007లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఆరోగ్యవంతులైన గ్రామీణులు, పట్టణవాసులు ఇరువురిలోనూ కాల్షియం తక్కువగా అందడం, విటమిన్ డి లోపం వెల్లడయ్యాయి. ఇటువంటి పునాదిపై కీళ్లవాతం, స్టెరాయిడ్ తోడైతే నష్టం రెట్టింపవుతుంది.

100 గ్రాముల రాగుల్లో సుమారు 350, అంతే తోటకూరలో సుమారు 330, 100 మిల్లీలీటర్ల పాలలో సుమారు 120 మిల్లీగ్రాముల కాల్షియం లభిస్తుంది. రెండు గ్లాసుల పాలు లేదా పెరుగు, ఒక పూట రాగి జావ లేదా సంకటి, ఆకుకూర, అప్పుడప్పుడు నువ్వుల పొడి తీసుకుంటే అవసరంలో చాలా భాగం తీరుతుంది. మూత్రపిండాల్లో రాళ్లు ఉన్నవారు కాల్షియం మాత్రల విషయంలో డాక్టరును సంప్రదించాలి.

తెల్లవారుజాము ఎండ చాలదు

ఇందిరా పార్కులో, నారాయణగూడ మేల్కోటే పార్కులో ఉదయం నడిచేవారు సూర్యోదయపు ఎండతో విటమిన్ డి వస్తుందని భావిస్తారు. నడక ఎముకకు మంచిదే. కానీ చర్మంలో విటమిన్ డి తయారు చేసే కిరణాలు ఆ సమయంలో నేలకు అంతగా చేరవు. తిరుపతి వైద్యుల పరిశీలన ప్రకారం ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 గంటల మధ్య ఎండలోనే అవి సమృద్ధిగా ఉంటాయి. చేతులు, ముఖానికి కొద్ది నిమిషాలు ఆ ఎండ తగలనివ్వాలి. కిటికీ అద్దం వెనుక కూర్చుంటే ప్రయోజనం లేదు. లూపస్ రోగులు మాత్రం ఎండకు దూరంగా ఉండి, డాక్టరు సూచించిన మందు వాడాలి. వారానికొకటి చొప్పున ఇచ్చే 60 వేల యూనిట్ల విటమిన్ డి మందును గడువు ముగిసినా కొనసాగిస్తే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి.

అశోక్‌నగర్ యువతకూ హెచ్చరిక

ఈ ముప్పు వృద్ధులకే పరిమితం కాదు. పోటీ పరీక్షల కోసం అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉంటూ, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో రోజంతా కూర్చుని చదివే యువకులు నడుము నొప్పిని కుర్చీ వల్లేనని సరిపెట్టుకుంటారు. చాలామందికి అది నిజమే. అయితే నొప్పి మూడు నెలలు దాటడం, ఉదయం లేవగానే అరగంటకు పైగా నడుము బిగుసుకుపోవడం, విశ్రాంతితో తగ్గక కదిలితే తగ్గడం, తెల్లవారుజామున నొప్పితో మెలకువ రావడం యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ లక్షణాలు కావచ్చు. ఈ జబ్బు చాలావరకు 40 ఏళ్ల లోపే మొదలవుతుంది. ముదిరితే వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుని వెన్ను కర్రలా బిగుసుకుంటుంది. అటువంటి వెన్ను లోపల గుల్లగా ఉండి, చిన్న దెబ్బకే విరిగి వెన్నుపామును గాయపరచవచ్చు.

ఏ పరీక్ష చేయించుకోవాలి?

ఎముక సాంద్రతకు ప్రామాణికమైనది డెక్సా పరీక్ష. తుంటి, నడుము భాగాలను అతి తక్కువ ఎక్స్‌రే కిరణాలతో కొలుస్తారు. నొప్పి ఉండదు, కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. 'టి స్కోరు' మైనస్ 2.5 లేదా అంతకంటే తక్కువైతే ఎముక గుల్లబారినట్లు. కాలనీల్లో, పార్కుల్లో ఏర్పాటయ్యే శిబిరాల్లో మడమకు చేసే పరీక్ష ప్రాథమిక సూచన మాత్రమే. దాని ఆధారంగా మందులు మొదలుపెట్టడం, ధీమాగా ఉండిపోవడం రెండూ తప్పే.

వెన్నుపూస విరుగుళ్లలో అధిక భాగం రోగికి తెలియకుండానే జరిగిపోతాయి. యవ్వనంలో ఉన్న ఎత్తుకంటే నాలుగు సెంటీమీటర్లు తగ్గినా, నడుము వంగుతున్నా, చీరె కుచ్చిళ్లు నేలను తాకుతున్నా వెన్ను ఎక్స్‌రే తీయించాలి. నిమ్స్‌లో కీళ్లవాత జబ్బులకు ప్రత్యేక విభాగం ఉంది. గాంధీ ఆసుపత్రి చిక్కడపల్లి మెట్రో స్టేషన్ నుంచి మూడో స్టేషన్.

మందులు ఉన్నాయి.. క్రమం ముఖ్యం

ఎముక నష్టాన్ని అడ్డుకునే మందులు అందుబాటులో ఉన్నాయి. అలెండ్రోనేట్ మాత్రను వారానికోసారి పరగడుపున గ్లాసు నిండా మంచినీటితో మింగి, కనీసం అరగంట నిటారుగా ఉండాలి. పడుకుంటే అన్నవాహికకు పుండ్లు పడతాయి. జొలెడ్రోనిక్ ఆమ్లం ఏడాదికోసారి సెలైన్ ద్వారా ఇస్తారు. డెనోసుమాబ్ ఇంజెక్షన్‌ను ఆరు నెలలకోసారి వాయిదా వేయకుండా తీసుకోవాలి. మధ్యలో మానేస్తే వెన్నుపూసలు వరుసగా విరిగే ప్రమాదం ఉంది. పన్ను తీయించుకోవలసి వస్తే ఈ మందుల సంగతి దంత వైద్యునికి ముందుగా చెప్పాలి.

ఇంట్లో జాగ్రత్తలు

* స్నానాల గది నేల తడి లేకుండా చూడాలి. గోడకు పట్టుకునే కడ్డీ, నునుపు లేని బండలు వేయించాలి.
* మంచం నుంచి మరుగుదొడ్డి వరకు రాత్రి చిన్న దీపం ఉండాలి.
* జారే చెప్పులు, మడతపడే గుమ్మం పట్టాలు, నడకదారిలో కరెంటు తీగలు తొలగించాలి.
* నిద్రమాత్రలు, రక్తపోటు మందుల వల్ల తల తిరుగుతుంటే డాక్టరుకు తెలపాలి. కంటి శుక్లాలకు ఆపరేషన్ వాయిదా వేయరాదు.
* కుర్చీలో చేతులు ఆనించకుండా లేచి కూర్చునే వ్యాయామం రోజూ చేస్తే తొడ కండరాలు బలపడతాయి.
* చేతికర్ర పట్టుకోవడం నామోషీ కాదు.

పడిపోతే..

తుంటి విరిగితే సాధారణంగా కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనిపిస్తుంది. లేపి నిలబెట్టే ప్రయత్నం, తైలంతో మర్దన చేయరాదు. 108కు ఫోన్ చేయాలి. తుంటి విరిగినప్పుడు నాటు కట్టుతో కాలయాపన చేస్తే పుండ్లు, న్యుమోనియా, రక్తం గడ్డకట్టడం వంటి ఉపద్రవాలు వస్తాయి. వీలైతే రెండు రోజుల లోపే శస్త్రచికిత్స జరగాలి. వెన్ను బిగుసుకున్న రోగి పడితే మెడను, నడుమును బలవంతంగా నిటారు చేయకూడదు. అతడు అలవాటుగా ఉండే భంగిమలోనే తరలించాలి.

ఒకసారి ఎముక విరిగినవారికి మరోసారి విరిగే ముప్పు మరింత ఎక్కువ. అందుకే ఆపరేషన్‌తో పని ముగిసిందని భావించరాదు. కీళ్ల జబ్బుకు మందులు వాడుతున్న ప్రతి ఒక్కరూ ఈసారి డాక్టరు వద్దకు వెళ్లినప్పుడు మూడు ప్రశ్నలు అడగాలి. 'నేను వాడేవాటిలో స్టెరాయిడ్ ఉందా? ఉంటే ఎంతకాలం? నాకు డెక్సా పరీక్ష అవసరమా?' నొప్పి తగ్గిన రోజుల్లోనే ఈ ప్రశ్నలు అడగడం మేలు. ఎముక నొప్పితో ముందుగా హెచ్చరించదు.