ఆహారపు అలవాట్ల ప్రశ్నావళి: తెలుగు అనువాదానికి పరీక్ష ఎందుకు?

విశ్వవిద్యాలయంలో చేరిన యువతీయువకులలో అనేకులు తొలిసారిగా ఇంటి వంటకు దూరమై, వసతిగృహ భోజనశాల మీదనో, అద్దె గదిలో స్వయంపాకం మీదనో ఆధారపడతారు. ఈ వయసులో స్థిరపడిన అలవాట్లు తరువాతి కాలంలో మధుమేహం, అధిక రక్తపోటు వంటి వ్యాధులకు దోహదం చేసే అవకాశమున్నందున, వాటిని ముందుగానే గుర్తించడానికి పరిశోధకులు ప్రశ్నావళులను వినియోగిస్తున్నారు. అయితే ఇటువంటి ప్రశ్నావళులలో అనేకం ఆంగ్లంలో, అన్యదేశాల ఆహారాన్ని దృష్టిలో ఉంచుకొని రూపొందినవి. వాటిని తెలుగులోకి మార్చినంత మాత్రాన అవి ఇక్కడి విద్యార్థుల అలవాట్లను సరిగా కొలుస్తాయని భావించరాదు.

ఉదాహరణకు "మీరు భోజనం మానేస్తుంటారా?" అనే ప్రశ్ననే తీసుకోవచ్చు. ఆంగ్లమూలంలో దీని ఉద్దేశం ఒక పూట ఏమీ తినకుండా ఉండటం. తెలుగునాట భోజనమంటే అన్నం. శనివారం రాత్రి అన్నం మాని ఇడ్లీయో ఉప్మాయో ఫలహారంగా తీసుకునే విద్యార్థి ఈ ప్రశ్నకు "అవును" అని గుర్తు పెడతాడు. కడుపునిండా తిన్నవాడు కాగితం మీద పస్తున్నవాడవుతాడు. "పచ్చడి" అన్న మాట కూడా ఇటువంటిదే. అది దోసకాయ రోటిపచ్చడి కావచ్చు, ఉప్పు అధికంగా ఉండే ఆవకాయ కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు కనీసం 400 గ్రాముల పండ్లు, కూరగాయలు తీసుకోవాలని సూచిస్తూ, బంగాళాదుంప వంటి పిండిదుంపలను ఆ లెక్కలో చేర్చలేదు. మన విద్యార్థి మాత్రం బంగాళాదుంప వేపుడును నిస్సంకోచంగా కూరగాయల కిందనే జమకడతాడు.

ఈ పొరపాట్లను నివారించడానికి నిర్ణీత విధానమొకటి ఉన్నది. మూల రచయితల అనుమతి పొందిన తరువాత ఇద్దరు అనువాదకులు విడివిడిగా తెలుగు చేస్తారు. వారిలో ఒకరు పోషకాహార శాస్త్రం తెలిసినవారు, మరొకరు ఆ శాస్త్రంతో పరిచయం లేనివారు అయితే మేలు. రెండు ప్రతులను సమన్వయపరచిన పిదప, మూలాన్ని చూడని మరొకరు దానిని తిరిగి ఆంగ్లంలోకి మారుస్తారు. 1970లో బ్రిస్లిన్ వివరించిన ఈ తిరుగు అనువాద పద్ధతి విస్తృతంగా అమలులో ఉన్నది. కానీ పైన చెప్పిన "భోజనం" ఈ పరీక్షలో సులభంగా నెగ్గుతుంది. తిరిగి ఆంగ్లంలోకి వెళ్లినప్పుడు అది మూలంలోని మాటగానే కనిపిస్తుంది. అందువల్ల కొద్దిమంది విద్యార్థులను కూర్చోబెట్టి, ప్రతి ప్రశ్నను వారు ఏమని అర్థం చేసుకున్నారో సొంత మాటలలో చెప్పించడం తప్పనిసరి. వ్యయం, కాలం తగ్గించుకోవాలనుకునేవారు తరచుగా వదిలివేసే దశ ఇదే కావడం విచారకరం. కోస్తా, రాయలసీమ, తెలంగాణ ప్రాంతాల విద్యార్థులకు ఇందులో స్థానం కల్పించవలసి ఉంటుంది. ఒకచోట జంతికలు అనేవి మరొకచోట మురుకులు.

ఆ తరువాత గణాంక పరీక్షలు. అవే ప్రశ్నలను సుమారు రెండు వారాల వ్యవధితో అదే విద్యార్థులకు మళ్లీ ఇచ్చి సమాధానాలను పోల్చుతారు. ఈ వ్యవధి మధ్యలో పరీక్షలుగాని, సంక్రాంతి సెలవులుగాని రాకుండా చూడాలి. ఇంటికి వెళ్లి అరిసెలు తిని వచ్చిన విద్యార్థి సమాధానం మారితే, అది ప్రశ్న లోపం కాదు. ప్రశ్నల పరస్పర పొందికను 1951లో క్రోన్‌బాక్ ప్రతిపాదించిన ఆల్ఫా గుణకంతో లెక్కించడం పరిపాటి. 0.70కు తగ్గకపోతే సాధారణంగా అంగీకరిస్తారు. అయినా ఆల్ఫా అధికంగా ఉండటం ప్రశ్నలు ఒకదానితో ఒకటి కలిసి నడుస్తున్నాయని మాత్రమే తెలుపుతుంది. అవి నిజమైన ఆహారాన్ని కొలుస్తున్నాయో లేదో తేల్చడానికి, గడచిన 24 గంటలలో తిన్నవన్నీ అడిగి నమోదు చేసే పద్ధతితో, పనిదినాలలోను సెలవుదినంలోను సేకరించిన వివరాలతో సరిపోల్చాలి.

"నేను ఉదయం టిఫిన్ మానను" వంటి వ్యతిరేక వాక్యాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. "అవును, మానను" అనేవారు, "కాదు, తింటాను" అనేవారు ఒకే మాట చెబుతూ వేర్వేరు గడులలో గుర్తు పెడతారు. ఇటువంటి వాక్యాలను "నేను ప్రతి ఉదయం టిఫిన్ తింటాను" అని సూటిగా మార్చడం శ్రేయస్కరం. అదే విధంగా, మూల ప్రశ్నావళిలో "మంచి అలవాటు"కు నిర్ణయించిన మార్కుల హద్దును యథాతథంగా స్వీకరించకుండా, తెలుగు విద్యార్థుల సమాధానాల ఆధారంగా మళ్లీ నిర్ధారించవలసి ఉంటుంది.