ఆ బిట్ ఎవరిది?

రాత్రి తొమ్మిది దాటాక దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఏ అంతస్తు ఎక్కినా ఒకటి రెండు గదుల్లోంచి ‘అమృతం’ మాటలు వినిపిస్తాయి. కోచింగ్ క్లాసులు ముగించుకుని, మెస్‌లో పెట్టించుకున్న ప్లేటుతో మంచం మీద బాసింపట్టు వేసుకుని, ఫోన్‌ని నీళ్ల సీసాకి ఆనించి ఏదో ఒక ఎపిసోడ్ పెట్టుకుంటారు. ఎల్బీ నగర్ చౌరస్తాలో సూర్యాపేట, కోదాడ బస్సుల కోసం నిలబడ్డ కుర్రాళ్ల ఫోన్లలోనూ అదే. ఆ సీరియల్ జెమినీ టీవీలో మొదలైన 2001 నాటికి వీళ్లలో చాలామంది పుట్టనైనా లేదు. అయినా అందులోని అప్పాజీ ఎప్పుడు విరుచుకుపడతాడో, సర్వం ఎక్కడ అడ్డు తగులుతాడో వీళ్లకి కంఠతా వచ్చు.

టైటిల్ సాంగ్ అయితే చెప్పనక్కర్లేదు. గుణ్ణం గంగరాజు నిర్మించిన ఆ సీరియల్‌కి పాట సిరివెన్నెల సీతారామశాస్త్రి రాశారు. కల్యాణి మాలిక్ బాణీ కట్టి తనే పాడారు. ఈ సంగతి తెలిసినవాళ్లు బోలెడుమంది. అసలు చిక్కు పాట అయిపోయి కథలో పడ్డాక మొదలవుతుంది. ఏ కామెడీ సీరియల్ అయినా తీసుకోండి. తలుపు చప్పుడైనప్పుడు మోగే నాలుగు సెకన్ల ముక్క, పన్నిన పథకం బెడిసికొట్టినప్పుడు జారుతూ కిందికి దిగే ఓ స్వరం, భార్య వంటింట్లోంచి బయటికి రాగానే ఠక్కున ఆగిపోయే తాళం. నవ్వు సగం వాటి మీదే నడుస్తుంది. ఆ ముక్క అర సెకను ముందు పడితే జోకు తేలిపోతుంది, అర సెకను ఆలస్యమైతే చల్లారిపోతుంది. ఇంత పని చేసే సంగీతానికి పేరు ఉండదు, ఊరు ఉండదు. ‘అన్నా, గా మ్యూజిక్ ఎక్కడిది?’ అని పక్క మంచం మీది తమ్ముడు అడిగితే చెప్పేవాళ్లు ఉండరు.

ఫోన్‌కి అందని పాట

అడగ్గానే అందరూ చేసే పని, పాట వింటే పేరు చెప్పే షాజమ్ నొక్కడం. ఆ సేవ బ్రిటన్‌లో 2002లో మొదలైంది. అప్పట్లో యాప్ కాదు. 2580కి డయల్ చేసి ఫోన్‌ని పాట వైపు పట్టుకుంటే, పాట పేరు మెసేజ్‌లో వచ్చేది. దాని లోపలి పద్ధతిని రూపొందించిన అవెరీ వాంగ్ 2003లో ఓ పరిశోధన పత్రంలో దాన్ని వివరించాడు. పాటని మొత్తంగా పోల్చడం దాని పని కాదు. ఏ క్షణంలో ఏ స్థాయి ధ్వని గట్టిగా ఉందో చుక్కలుగా గుర్తిస్తుంది. రెండేసి చుక్కల్ని జత కలిపి, వాటి మధ్య ఎడమెంతో లెక్కగట్టి, తన దగ్గరున్న లక్షలాది పాటల లెక్కలతో సరిచూస్తుంది. చుట్టుపక్కల రొద ఆ చుక్కల్లో కొన్నింటిని మింగేసినా మిగిలినవి చాలు. అందుకే చైతన్యపురి సిగ్నల్ దగ్గర హారన్ల మధ్య కూడా సినిమా పాట పేరు చెప్పేయగలదు.

సీరియల్ బిట్ దగ్గరికొచ్చేసరికి మాత్రం చేతులెత్తేస్తుంది. అది గుర్తుపట్టేది రాగాన్ని కాదు, ఒకానొక రికార్డింగుని. అదే బాణీని ఇంకెవరో కీబోర్డు మీద వాయిస్తే దాని లెక్కకి అది వేరే పాట. పైగా ఆ రికార్డింగ్ దాని జాబితాలో ఉండాలి. ఎడిటింగ్ గదిలో తప్ప బయట ఎక్కడా వినిపించని ముక్క ఏ జాబితాలోకి చేరుతుంది? కూనిరాగం తీస్తే పాట చెప్పే వసతిని గూగుల్ 2020లో తెచ్చింది. అది రాగాన్నే పట్టుకుంటుంది గానీ, ఆ రాగం పదిమందికీ తెలిసినదై ఉండాలి.

ఓపిక ఉన్నవాళ్లు వేరే దారి పడతారు. ఒకే బిట్ పది ఎపిసోడ్లలో వస్తుంది. ఒకచోట దానిమీద డైలాగ్ పడుతుంది, ఒకచోట నవ్వు పడుతుంది. ఎక్కడో ఒకచోట మాత్రం పాత్ర నోరు తెరిచి మాట రాక నిలబడిపోతుంది. ఆ రెండు మూడు సెకన్లు బంగారం. అక్కడ ముక్క శుభ్రంగా దొరుకుతుంది. దాన్ని కత్తిరించి, గొంతునీ వాద్యాల్నీ విడదీసే సాఫ్ట్‌వేర్‌లో వేసి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చివర ఎలా ఆగిందో వినాలి. స్వరం పూర్తిగా కరిగి ఆగితే సీన్ కోసమే వాయించి ఉండొచ్చు. గాలిలో ఉండగానే తెగిపోతే అది ఏదో పెద్ద రచనలోంచి కోసుకొచ్చినదని అనుమానించాలి. వయొలిన్ మీద విల్లు తిరిగేటప్పుడు చిన్న గీత లాంటి చప్పుడు వినిపిస్తే మనిషి వాయించినట్టు. ప్రతి స్వరమూ ఒకే బరువుతో పడుతుంటే కీబోర్డు.

కోసుకొచ్చిన ముక్కలకి పెద్ద చరిత్రే ఉంది. లండన్‌లో 1909లో పెట్టిన డివోల్ఫ్ లాంటి సంస్థలు ఫలానా సినిమాకని కాకుండా ‘హాస్యం’, ‘ఉత్కంఠ’, ‘ఉదయం’ అంటూ సందర్భాల వారీగా సంగీతం చేయించి నిల్వ పెట్టాయి. ఆ రికార్డులు మామూలు దుకాణాల్లో అమ్మేవి కావు, స్టూడియోలకి మాత్రమే వెళ్లేవి. వాటికి పనిచేసినవాళ్లలో ఎందరో గొప్ప స్వరకర్తలున్నారు. శ్రోతలకి వాళ్ల పేరు తెలిసే అవకాశమే లేకపోయింది.

అమెరికన్ కామెడీ సీరియల్ ‘కర్బ్ యువర్ ఎంథూజియాజమ్’ టైటిల్ సంగీతం సంగతి చూడండి. ఇవాళ తెలుగు మీమ్స్‌లో కూడా ఎవరైనా బోల్తా పడగానే ట్యూబా ‘బుం బుం’ అంటూ వచ్చే ముక్క అదే. దాని పేరు ‘ఫ్రాలిక్’. లూచియానో మికెలీనీ అనే ఇటలీ స్వరకర్త 1974లో వచ్చిన ఓ ఇటాలియన్ సినిమా కోసం చేశాడు. ఏళ్ల తర్వాత ‘కర్బ్’ సృష్టికర్త లారీ డేవిడ్ దాన్ని ఒక బ్యాంకు ప్రకటనలో విని, అదేమిటో కనుక్కోమని పురమాయించాడు. 2000లో సీరియల్ మొదలయ్యేసరికి అది దానికి మారుపేరైపోయింది. ఒక మనిషి పట్టుబట్టి అడగబట్టి ఆ పేరు బయటికొచ్చింది.

అమెరికన్ సీరియల్ ‘ఎక్స్ ఫైల్స్’లో 1998లో ప్రసారమైన ఓ బార్ సీన్ వెనక పాట కథ నాకు ఇంకా ఇష్టం. అప్పట్లో అది ఏ ఆల్బమ్‌లోనూ లేదు, ఏ యాప్‌కీ తెలియదు. పాతికేళ్ల తర్వాత, 2023 డిసెంబరులో ఓ ప్రేక్షకురాలు ఉండబట్టలేక నలుగురినీ అడిగింది. అది డాన్ మార్ఫిసీ, గ్లెన్ జోర్డన్ ఆ సీన్ కోసమే చేసిన పాటని తేలింది. చేసినవాళ్లు బతికే ఉన్నారు. అంతవరకూ వాళ్లని అడిగినవాళ్లే లేరు.

అడగాల్సినవాళ్లు ఇక్కడే ఉన్నారు

మన సీరియళ్ల జవాబులు ఏ యంత్రంలోనూ లేవని నేను గట్టిగా నమ్ముతాను. అవి మనుషుల దగ్గరున్నాయి. అప్పట్లో సీరియల్‌కి ఆర్‌ఆర్ (రీరికార్డింగ్, అంటే నేపథ్య సంగీతం) అంటే సినిమాకి మల్లే యాభైమంది వాద్యకారులు కూర్చోవడం కాదు. ఒక కీబోర్డు, ఒక మనిషి, తెల్లవారితే టెలికాస్ట్. లేదంటే ఎడిటర్ దగ్గరున్న సీడీల్లోంచి సరిపడే ముక్క. ఏ బిట్ ఎక్కడ ఎన్ని సెకన్లు వాడారో పట్టీ రాసి భద్రపరిచే అలవాటు విదేశాల్లో పాతదే. ఆ పట్టీని బట్టే స్వరకర్తకి డబ్బు అందుతుంది. మన దగ్గర కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ స్వరకర్తలకీ గీత రచయితలకీ రాయల్టీలో వాటా హక్కు ఇచ్చింది. హక్కు కాగితం మీద ఉన్నా, బిట్ ఎవరిదో రాసి లేకపోతే ఆ వాటా ఎవరికి ఇస్తారు?

పేరు దొరికితే వినడమే మారిపోతుంది. ఆకాశవాణి ప్రసారాలు మొదలయ్యేముందు వచ్చే ఆ సంగీతం వాల్టర్ కౌఫ్‌మన్ చేసినదని, అతను నాజీల కాలంలో బొంబాయిలో తలదాచుకున్న యూదు సంగీతకారుడని తెలిసిన రోజు ఆ తంబురా మీద వయొలిన్ నాకు వేరేగా వినిపించింది. ‘మాల్గుడి డేస్’ సీరియల్ బాణీని తరాలు దాటినా జనం నోట నిలిపింది ఎల్. వైద్యనాథన్. ఈ రెండు పేర్లూ ఎవరో శ్రద్ధగా చెబుతూ వచ్చారు కాబట్టి మిగిలాయి. తెలుగు సీరియళ్ల బిట్లకి అలా చెప్పినవాళ్లు కరువయ్యారు. ‘అమృతం’లో ఆంజిగా మనల్ని నవ్వించిన గుండు హనుమంతరావు 2018లో వెళ్లిపోయారు, సిరివెన్నెల 2021లో. తెర మీది పేర్ల సంగతి సరే, తెర వెనక కీబోర్డు ముందు కూర్చున్నవాళ్ల వయసూ పెరుగుతోంది.

వాళ్లని అడిగి పేర్లు రాసిపెట్టే పని హాస్టల్ కుర్రాళ్లు చేయగలరు. సీరియల్‌ని వాళ్లంత దగ్గరగా వింటున్నవాళ్లు ఇంకెవరున్నారు? ఎపిసోడ్ నంబరు, నిమిషం, సెకను రాసుకోవాలి. చివర్లో గబగబా పరిగెత్తే పేర్లని ఆపి ఎడిటర్, ఎఫెక్ట్స్, ఆర్‌ఆర్ ఎవరో చూసుకోవాలి. వాళ్ల ముందు కూర్చున్నప్పుడు ‘ఆ మ్యూజిక్ ఎవరు చేశారండీ?’ అని ఊరికే అడిగితే గుర్తు రాదు, వందల ఎపిసోడ్లు చేసిన మనుషులు. శుభ్రంగా కత్తిరించిన ఆ నాలుగు సెకన్లు వినిపించి అడగాలి. ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే యూసుఫ్‌గూడ. సినిమా, టీవీ పనివాళ్లు ఎందరో ఉండే కృష్ణానగర్ అక్కణ్నుంచి నడిచే దూరమే.