పవర్ యాంప్లిఫయరు (బేస్ గిటారు)

బేస్ గిటారు తీగల కంపనం వలన పుట్టే విద్యుత్ సంకేతం చాలా బలహీనమైనది. దానిని మొదట ప్రీయాంప్లిఫయరు కొంత పెంచి, స్వరాన్ని దిద్దుతుంది. ఆ తరువాత లౌడ్‌స్పీకరును కదిలించగలిగినంత శక్తిని సమకూర్చే పరికరాన్ని పవర్ యాంప్లిఫయరు అంటారు. దీనిని 19 అంగుళాల (482.6 మి.మీ.) వెడల్పు గల ఇనుప చట్రంలో బిగించుకొనేలా తయారుచేస్తే ర్యాక్ యాంప్లిఫయరు అని వ్యవహరిస్తారు. ఈ చట్రంలో ఎత్తును 44.45 మి.మీ. గల "యూనిట్"లలో కొలుస్తారు. తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో జాతరలకు, పెళ్ళిళ్ళకు, కళాశాల వార్షికోత్సవాలకు తిరిగే ఆర్కెస్ట్రా కళాకారులకు తేలికపాటి ర్యాక్ యాంప్లిఫయరును ఎంచుకోవడం ఖర్చుతోను, నడుము నొప్పితోను, ఒక్కొక్కప్పుడు ప్రాణంతోను ముడిపడిన విషయం.

నేపథ్యం

అమెరికాకు చెందిన లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ అనే ఎలక్ట్రిక్ బేస్ గిటారును విపణిలోకి తెచ్చాడు. నాలుగు తీగల బేస్ గిటారులో అన్నిటికంటే లావు తీగ సుమారు 41 హెర్ట్‌జ్ వద్ద మ్రోగుతుంది. మిగిలినవి వరుసగా 55, 73, 98 హెర్ట్‌జ్‌లు. అయిదు తీగల గిటారులో అడుగు తీగ సుమారు 31 హెర్ట్‌జ్ వరకు దిగుతుంది. ఇంత మంద్రస్థాయి ధ్వని బిగ్గరగా వినిపించాలంటే ఎక్కువ గాలిని కదిలించవలసి ఉంటుంది. అందుచేతనే తొలినాటి బేస్ యాంప్లిఫయర్లు భారీగా ఉండేవి. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్.వి.టి. 300 వాట్ల వాల్వు యాంప్లిఫయరు. స్పీకర్ పెట్టెలు కాక, యాంప్లిఫయరు ఒక్కటే దాదాపు 40 కిలోలు తూగేది.

మన ప్రాంతంలో బహిరంగ ధ్వని వ్యవస్థ అనగానే మైకుసెట్టు గుర్తుకు వస్తుంది. ద్రౌపదీ ధర్మరాజుల గుడుల వద్ద జరిగే భారత ఉత్సవాలలో పగటి హరికథకు, రాత్రి వీధినాటకానికి చెట్లకు, స్తంభాలకు కట్టిన బాకా లౌడ్‌స్పీకర్లే ఆధారంగా ఉండేవి. మాట స్పష్టంగా దూరం వినిపించడానికి అవి ఎంతో అనువైనవి. కాని సాధారణమైన బాకా సుమారు 250-300 హెర్ట్‌జ్‌లకు దిగువనున్న ధ్వనిని సరిగా పలికించదు. బేస్ గిటారును దానికి కలిపితే తీగ అసలు స్వరం దాదాపు పోయి, పై అనుస్వరాలు మాత్రమే మిగులుతాయి. సినిమా పాటల ఆర్కెస్ట్రాలు వచ్చిన తరువాత పెద్ద స్పీకరు పెట్టెలు, వాటిని నడిపే పవర్ యాంప్లిఫయర్లు అవసరమైనవి.

బరువు ఎక్కడ ఉంటుంది?

పాత పద్ధతి యాంప్లిఫయరు మూత తీసి చూస్తే బరువులో అధికభాగం ట్రాన్స్‌ఫార్మరుదే అని తెలుస్తుంది. మన ఇండ్లకు వచ్చే విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనాలు గలది. అంత నెమ్మదిగా మారే విద్యుత్తును మార్చడానికి పెద్ద ఇనుప గుండె, బోలెడంత రాగి తీగ కావాలి. స్విచ్చింగు పద్ధతి విద్యుత్ సరఫరాలో ముందుగా ఆ విద్యుత్తును ఏకముఖంగా మార్చి, తిరిగి సెకనుకు సుమారు లక్ష సార్లు తెంచి కలుపుతూ చిన్న ట్రాన్స్‌ఫార్మరు గుండా పంపుతారు. ఒక్కొక్క ఆవర్తనంలో మోయవలసిన శక్తి తక్కువ కనుక పిడికెడు ట్రాన్స్‌ఫార్మరు సరిపోతుంది. తొట్టిని బానతో పది సార్లలో నింపినా, చెంబుతో చకచకా వేయిసార్లు పోసి నింపినా చేరే నీరు ఒక్కటే కదా.

బరువుకు రెండవ కారణం వేడిని చిమ్మే అల్యూమినియం రెక్కలు. ఏబీ తరగతి యాంప్లిఫయరులో ట్రాన్సిస్టర్లు సగం తెరచిన కుళాయివలె పనిచేస్తాయి. శక్తిలో చాలాభాగం వేడిగా పోతుంది. డీ తరగతిలో అవి పూర్తిగా తెరుచుకొని ఉంటాయి, లేదా పూర్తిగా మూసుకొని ఉంటాయి. అందువలన పూర్తి శక్తి వద్ద సామర్థ్యం 85-90 శాతానికి చేరుతుంది. "డీ" అంటే డిజిటల్ అని చాలామంది, కొందరు దుకాణదారులు సైతం, చెబుతుంటారు. అది సరికాదు. ఏ, బీ, సీ తరగతుల తరువాత వచ్చింది కాబట్టి ఆ అక్షరం పెట్టారు, అంతే. డీ తరగతి యాంప్లిఫయరు కిట్టును బ్రిటన్‌లోని సింక్లెయిర్ సంస్థ 1964లోనే అమ్మింది గాని, తగిన ట్రాన్సిస్టర్లు లేక ఆనాడు అది రాణించలేదు.

తేడా ఎంతటిదో రెండు నమూనాలను పోల్చితే తెలుస్తుంది. ఇనుప ట్రాన్స్‌ఫార్మరు గల క్యూ.ఎస్.సి. ఆర్.ఎం.ఎక్స్. 1450 బరువు సుమారు 18 కిలోలు. 4 ఓముల వద్ద చానలుకు 450 వాట్లు. స్విచ్చింగు సరఫరా, డీ తరగతి గల క్రౌన్ ఎక్స్.ఎల్.ఎస్. 1002 బరువు సుమారు 4 కిలోలు. అదే 4 ఓముల వద్ద చానలుకు 350 వాట్లు. ఈ రెండింటికీ మధ్యనున్న శక్తి భేదం చెవికి ఒక డెసిబెల్ పైచిలుకు మాత్రమే. బరువులో భేదం మాత్రం బస్సు ఎక్కేటప్పుడు తెలుస్తుంది.

వాట్ల లెక్క

కొనేవారు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. వాట్లు రెట్టింపయితే ధ్వని రెట్టింపు కాదు. 3 డెసిబెల్‌లు మాత్రమే పెరుగుతుంది. చెవికి రెట్టింపు బిగ్గరగా తోచాలంటే సుమారు 10 డెసిబెల్‌లు, అనగా పదిరెట్ల వాట్లు కావాలి. ఒక స్పీకరు పెట్టె 1 వాటుకు, 1 మీటరు దూరంలో 97 డెసిబెల్‌లు ఇస్తుందనుకొందాము. 100 వాట్లకు 117, 200కు 120, 400కు 123, 800కు 126 అవుతుంది. అదే 400 వాట్లకు 100 డెసిబెల్‌ల సున్నితత్వం గల పెట్టెను తగిలిస్తే 800 వాట్లు కొనకుండానే 126 వస్తుంది. కనుక ముందు స్పీకరును, తరువాత యాంప్లిఫయరును ఎంచుకోవడమే సరియైన క్రమం. మా విద్యార్థులకు లాగరిథమ్‌లు ఎందుకు పనికివస్తాయని అడిగేవారికి ఈ లెక్క మంచి సమాధానం.

తేలిక యాంప్లిఫయర్ల విషయంలో మరొక మెలిక ఉన్నది. కొందరు తయారీదారులు క్షణకాలం మాత్రమే ఇవ్వగల శక్తిని పెద్ద అక్షరాలలో ముద్రిస్తారు. డ్రమ్ము దెబ్బకు అది చాలును. సాగదీసి వాయించే బేస్ స్వరానికి చాలకపోవచ్చును. వివరపత్రంలో "నిరంతర" శక్తి ఎంతో, ఎన్ని ఓముల వద్దనో, ఏ పౌనఃపున్యం వద్దనో చూడాలి. కేవలం 1000 హెర్ట్‌జ్ వద్ద కొలిచిన అంకె బేస్ గిటారు వాద్యకారునికి అంతగా ఉపకరించదు.

అసలు ఎన్ని వాట్లు కావాలన్నది వేదికను బట్టి ఉంటుంది. సభామందిరంలో బేస్ గిటారు ధ్వనిని డి.ఐ. బాక్సు ద్వారా ప్రధాన ధ్వని వ్యవస్థకు కలుపుతారు. అప్పుడు వేదిక మీది యాంప్లిఫయరు వాద్యకారునికి, పక్కనున్న డ్రమ్మరుకు వినిపిస్తే చాలు. సున్నితత్వం బాగున్న ఒక పెట్టెకు 200-300 వాట్లు సరిపోతాయి. అటువంటి వ్యవస్థ లేని ఊరి నడిబొడ్డు వేదికపై, గోడలు, పైకప్పు తోడు లేకుండా, దూరం రెట్టింపైన ప్రతిసారి 6 డెసిబెల్‌లు తగ్గుతూ పోతుంది. అక్కడ 500 వాట్లకు పైబడిన యాంప్లిఫయరు, రెండు పెట్టెలు అవసరమవుతాయి. అయితే 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు బహిరంగ స్థలాలలో లౌడ్‌స్పీకర్లు వాడరాదు. పండుగల సందర్భంలో అర్ధరాత్రి వరకు సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నా, ఏడాదికి 15 రోజులకు మించరాదు.

ఓములు, బ్రిడ్జి పద్ధతి

8 ఓముల పెట్టెలు రెండింటిని సమాంతరంగా కలిపితే 4 ఓములు అవుతుంది. ఓములు తగ్గేకొద్దీ యాంప్లిఫయరు ఎక్కువ విద్యుత్తును అందించాలి. రెండు చానళ్ళను జతచేసి ఒక్కటిగా వాడే బ్రిడ్జి పద్ధతిలో ఒక్కొక్క చానలుకు కనిపించేది సగం ఓములే. అంటే 4 ఓముల భారం 2 ఓముల వలె ఉంటుంది. బ్రిడ్జి పద్ధతిలో 8 ఓములకు మాత్రమే తగిన యాంప్లిఫయరుకు 4 ఓములు తగిలిస్తే జాతర మధ్యలో అది ఆగిపోతుంది.

మైకుసెట్టు దుకాణాలలో ఉండే యాంప్లిఫయర్లు చాలావరకు 100 వోల్టుల లైను పద్ధతివి. పొడవాటి తీగలతో అనేక బాకాలను నడపడానికి ఆ పద్ధతి పుట్టింది. ఆ లైను కొసలకు మధ్యలో తగిన ట్రాన్స్‌ఫార్మరు లేకుండా 8 ఓముల బేస్ పెట్టెను కలపరాదు.

విద్యుత్తు, వేడి, మరమ్మతు

జాతర వేదికలకు విద్యుత్తు తాత్కాలిక తీగల ద్వారానో, జనరేటరు నుండో వస్తుంది. మూడు ఫేజుల సరఫరాలో న్యూట్రల్ తీగ ఊడితే కొన్ని కొసల వద్ద 230 వోల్టుల స్థానంలో 400కు చేరువగా రావచ్చును. స్విచ్చింగు సరఫరా తక్కువ వోల్టేజీని చాలావరకు ఓర్చుకొంటుంది కాని దీనిని ఓర్చుకోదు. అధిక వోల్టేజీ వద్ద దానంతటదే తెగిపోయే రక్షణ పెట్టె కొనుక్కోవడం యాంప్లిఫయరు ఖర్చులో భాగమే అనుకోవాలి. మే నెలలో జరిగే తిరుపతి గంగమ్మ జాతర నాటికి ఎండ 40 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. చట్రం ముందు, వెనుక గాలి ఆడాలి. ఫ్యాను జాలిపై దుమ్మును తరచు తుడవాలి.

మరమ్మతు విషయంలో పాత బరువు యాంప్లిఫయరుదే పైచేయి. కాలిన ట్రాన్సిస్టరును జిల్లా కేంద్రంలోని రేడియో మెకానిక్కు మార్చగలడు. తేలిక యాంప్లిఫయరులో అతి చిన్న భాగాలను పలకపైనే అతికించి ఉంటారు. తరచు పలక మొత్తాన్ని మార్చవలసి వస్తుంది. ఆ పలక రావడానికి వారాలు పడితే ఆ సీజను కచేరీలు పోయినట్లే. అందుచేత కొనేముందు సేవాకేంద్రం తిరుపతిలో ఉన్నదా, చెన్నైకో బెంగుళూరుకో పంపాలా అని అడిగి తెలుసుకోవాలి. నెలకు ఒకటి రెండు కచేరీలు చేస్తూ, సొంత వ్యాను ఉన్న బృందానికి పాత పద్ధతి యాంప్లిఫయరే లాభం. బస్సులో తిరిగే ఒంటరి వాద్యకారునికి తేలికది.

ఎర్తింగు

గుయ్‌మనే హమ్ ధ్వనిని పోగొట్టడానికి ప్లగ్గులోని ఎర్త్ పిన్నును తీసివేసే అలవాటు కొన్ని చోట్ల ఉన్నది. ఇది మిక్కిలి ప్రమాదకరం. బేస్ గిటారు లోహపు తీగలు, బ్రిడ్జి గుండా యాంప్లిఫయరు చట్రానికి కలిసి ఉంటాయి. వాద్యకారుని చేయి తీగలపై ఉండగా పెదవులు మైకును తాకితే, ఆ రెండింటిలో ఒకదానికి ఎర్తు లేక లోపం ఏర్పడి ఉంటే, విద్యుత్తు శరీరం గుండా ప్రవహిస్తుంది. స్టోన్ ద క్రోస్ బృందపు గిటారు వాద్యకారుడు లెస్ హార్వీ 1972 మే 3న వేల్స్‌లోని స్వాన్సీ వేదికపై సరిగా ఎర్తు లేని మైకును తాకి మరణించాడు. హమ్ పోవడానికి ట్రాన్స్‌ఫార్మరు గల డి.ఐ. బాక్సులో ధ్వని తీగ ఎర్తును మాత్రమే విడదీయాలి. విద్యుత్ ప్లగ్గు ఎర్తును ఎన్నడూ విడదీయరాదు. వేదికపైని మైకులు, వాద్యాల యాంప్లిఫయర్లు అన్నీ ఒకే సరఫరా కొస నుండి, 30 మిల్లీఆంపియర్ల లీకేజీకి తెగిపోయే బ్రేకరు గుండా తీసుకోవాలి. దాని మీది టెస్టు మీటను ప్రతి కచేరీకి ముందు ఒకసారి నొక్కి చూస్తారు. నొక్కగానే తెగిపోకపోతే బ్రేకరును మార్చిన తరువాతనే వాద్యాలను కలుపుతారు.