కాలానికో కొలబద్ద – మీ కొత్త డైరీ

కొత్త సంవత్సరం వస్తూనే చాలా ఇళ్ళకు డైరీలు వస్తాయి. బ్యాంకు ఇచ్చినది ఒకటి, బీమా ఏజెంటు ఇచ్చినది ఒకటి, దుకాణంలో కొన్నది మరొకటి. జనవరి 1వ తేదీ పేజీ ముత్యాలవంటి అక్షరాలతో నిండుతుంది. సంక్రాంతి వెళ్ళేసరికి రాత ఆగిపోతుంది. తరువాత ఆ డైరీ పాలపద్దుకో, చిత్తులెక్కలకో పనికివస్తుంది.

డైరీ కూడా థర్మామీటరు వంటి ఒక పరికరమే. దేనిని కొలవాలో తెలిస్తేనే పరికరం ఉపయోగపడుతుంది. మరి డైరీ కొలిచేదేమిటి?

జరిగిన సంగతులను ఏరోజుకారోజు రాసుకోవడం చాలా పాత అలవాటు. 1812లో లండన్‌లో జాన్ లెట్స్ అనే కాగితాల వర్తకుడు రాబోయే రోజుల తేదీలను ముందే అచ్చువేసిన డైరీని అమ్మకానికి పెట్టాడు. దానితో ఇంకా రాని రోజుకు కూడా కాగితం మీద చోటు దొరికింది. చేయబోయే పనిని ముందే రాసుకొని, చేసిన తరువాత పోల్చి చూసుకోవచ్చు. ఈ పోలికలోనే అసలు కొలత ఉంది.

అంచనా ఎందుకు తప్పుతుంది?

"ఈ పాఠం ఒక గంటలో పూర్తిచేస్తాను" అని కూర్చుంటాం. రెండు గంటలు పడుతుంది. ఇది బద్ధకం వల్ల మాత్రమే కాదు. 1979లో డానియల్ కానమన్, ఆమోస్ ట్వర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ పొరపాటుకు ఒక పేరు పెట్టారు. దానిని తెలుగులో 'ప్రణాళికా భ్రమ' అనవచ్చు.

1994లో ప్రచురించిన ఒక పరిశోధనలో కెనడా శాస్త్రజ్ఞులు కొందరు విద్యార్థులను, "మీ పరిశోధనా వ్యాసం ఎన్ని రోజులలో పూర్తవుతుంది?" అని అడిగారు. విద్యార్థులు చెప్పిన సగటు సుమారు 34 రోజులు. అన్నీ అడ్డంకులే ఎదురైతే సుమారు 49 రోజులన్నారు. నిజానికి పట్టిన సగటు కాలం 55 రోజులు దాటింది!

కారణమేమంటే, పనిని ఊహించుకొనేటప్పుడు అది సాఫీగా సాగిపోతున్నట్లే ఊహిస్తాం. కరెంటు పోవడం, చుట్టాలు రావడం, పుస్తకం కనబడకపోవడం లెక్కలోకి రావు. ఇంతకుముందు అటువంటి పనికి ఎంతసేపు పట్టిందో గుర్తుచేసుకోము. ఆ లెక్కను మనకోసం గుర్తుంచుకొనేదే డైరీ.

ఎటువంటిది ఎంచుకోవాలి?

రోజుకొక పేజీ ఉన్న డైరీలో చోటు ఎక్కువ. కాని రేపటి పని చూడాలంటే పేజీ తిప్పాలి. నెలంతా ఒకే పేజీలో ఉంటే రాయడానికి చోటు చాలదు. తెరవగానే వారమంతా ఎదురెదురు పేజీలలో కనబడే డైరీ విద్యార్థులకు అనుకూలం.

చివరి పేజీలో ఒక సిరాచుక్క వేసి చూడండి. కాగితం పీచుల సందులలోకి సిరా పాకుతుంది. తయారీలో గంజి వంటి పదార్థాలు సరిగా పట్టించిన కాగితం మీద చుక్క అంతగా పాకదు. కుట్టుబైండింగు ఉంటే డైరీ బల్లమీద చదునుగా తెరుచుకుంటుంది.

కొత్తది కొనకపోయినా ఫరవాలేదు. 365ను 7తో భాగిస్తే 1 మిగులుతుంది కాబట్టి జనవరి 1 ఏటా వారంలో ఒక రోజు ముందుకు జరుగుతుంది. లీపు సంవత్సరం తరువాత రెండు రోజులు జరుగుతుంది. ఈ లెక్కన 2015 డైరీలోని తేదీలు, వారాలు 2026కు సరిగ్గా సరిపోతాయి. 2021 డైరీ 2027కు సరిపోతుంది. ఉగాది, దీపావళి మాత్రం చంద్రుని గమనాన్ని అనుసరిస్తాయి కనుక వాటి తేదీలు దిద్దుకోవాలి. అదీ లేకపోతే 200 పేజీల నోటుపుస్తకానికి గీతలు కొట్టండి. వారానికి రెండు పేజీల చొప్పున 52 వారాలకు 104 పేజీలే కావాలి.

ఎలా వాడాలి?

ముందుగా మార్చలేని తేదీలు రాయండి: పరీక్షలు, సెలవులు, ఇంట్లో శుభకార్యాలు. పరీక్ష తేదీనుండి వెనక్కు లెక్కించి ఏ వారంలో ఏ పాఠం చదవాలో నిర్ణయించండి. వారానికి ఒక పూట ఖాళీగా వదలండి. వెనుకబడిన పనికి అది అక్కరకు వస్తుంది.

చదివిన పాఠాన్ని మరునాడు ఒకసారి, వారానికి ఒకసారి తిరిగి చూసుకోవాలని ఆ తేదీలలోనే రాయండి. జర్మన్ శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తనమీద తానే చేసుకొన్న ప్రయోగాలను 1885లో ప్రచురించాడు. మరుపు మొదట్లో వేగంగానూ, తరువాత నెమ్మదిగానూ సాగుతుందని ఆయన కనుగొన్నాడు. అందుకే మొదటి పునశ్చరణ త్వరగా జరగాలి.

మీరూ చేసి చూడండి

ప్రతి పని ఎదుట రెండు గళ్ళు గీయండి. మొదటిదానిలో 'అంచనా', రెండవదానిలో 'పట్టిన సమయం' నిమిషాలలో రాయండి. ఆరు లెక్కలకు 30 నిమిషాలనుకుంటే 50 పట్టిందనుకుందాం. 50ని 30తో భాగిస్తే సుమారు 1.7 వస్తుంది. లెక్కలలో మీ 'దిద్దుబాటు సంఖ్య' ఇదే. రెండు వారాలు రాసి, ఒక్కొక్క సబ్జెక్టుకు సగటు కట్టండి. ఆపైన మీకు తోచిన అంచనాను ఆ సంఖ్యతో గుణించి రాసుకోండి.

పట్టిన సమయం ఎక్కువైందని సిగ్గుపడి తగ్గించి రాయకండి. జ్వరం ఎక్కువ చూపిందని థర్మామీటరును ఎవరూ దాచిపెట్టరు కదా! నాలుగు రోజులు రాయడం మానివేసినా, ఖాళీ పేజీలను అలాగే వదిలి ఆనాటి తేదీ నుండి మళ్ళీ మొదలుపెట్టండి.